ఫోమ్ ప్యాడిల్ ఎన్నాళ్లు మన్నుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పికిల్‌బాల్ ప్యాడిల్, అంటే ఆ ఆటలో బంతిని కొట్టే బ్యాటు గురించి అడిగినవే ఎక్కువ. వాటిలోనూ చాలామంది సందేహం ఫోమ్ కోర్ (రెండు ముఖాల మధ్య నింపిన ఫోమ్) మీదే కాబట్టి, ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: కార్బన్ ముఖం, తేనెపట్టు కోర్ ఉన్న 16 మిల్లీమీటర్ల మందం ప్యాడిల్‌ను తొమ్మిది నెలల క్రితం కొన్నాను. వారానికి నాలుగు రోజులు ఆడతాను. నెల రోజులుగా మామూలు డ్రైవ్ (బలంగా కొట్టే దెబ్బ) కూడా బేస్‌లైన్ దాటి పోతోంది, డింక్ (నెట్ దగ్గర మెల్లగా ఆడే దెబ్బ) కొడితే బంతి పైకి లేచి అవతలివాళ్లకు స్మాష్ అందిస్తోంది. నా ఆటే పాడైందని నేననుకుంటుంటే, కోర్టులో మిత్రులు ‘కోర్ క్రష్ అయింది’ అంటున్నారు. అది నిజమేనా? ఫోమ్ ప్యాడిల్ కొంటే ఈ బాధ తప్పుతుందా? (కొండాపూర్, హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి తప్పు మీ చేతిది కాకపోవచ్చు. నిర్ధారించుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గి వినేవారు కదా, అలాగే ప్యాడిల్‌ను పిడి దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకొని, ముఖమంతా అంగుళం అంగుళం చొప్పున తట్టండి. మంచి ప్యాడిల్ అంచుల్లో ఒకలాగా, మధ్యలో ఇంకొకలాగా పలికినా ఆ తేడా క్రమంగా వస్తుంది. ఒక్కచోట మాత్రం హఠాత్తుగా డొల్లగా పలికితే అనుమానించాలి. అప్పుడు ఆ చోటే ముందువైపు ఒక బొటనవేలు, వెనుకవైపు ఇంకో బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కండి. అప్పడం నలిగినట్టు సన్నని చిటపట వినిపించినా, వేలి కింద ముఖం లోపలికి దిగినట్టు అనిపించినా మీ మిత్రుల మాట నిజమే.

లోపల జరిగినదేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఈ ఆట మొదలైనప్పుడు ప్యాడిల్ అంటే ప్లైవుడ్ చెక్కే. 1984లో బోయింగ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఆర్లెన్ పరాంటో, విమానాల్లో నేలకు వాడే తేనెపట్టు పలకలతో ప్యాడిల్ చేసి చూశాడు. రెండు పలుచని గట్టి పొరల మధ్య గూళ్లు గూళ్లుగా ఖాళీ ఉన్న కోర్ పెడితే బరువు తగ్గి బిగువు పెరుగుతుందన్నది విమానాల వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన కిటుకు. తరువాత ఆ గూళ్లను పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో చేయడం మొదలైంది. ఈనాటికీ కోర్టుల్లో కనిపించే ప్యాడిళ్లలో ఎక్కువ భాగం ఆ కోవలోవే.

చచ్చిపోయిన ప్యాడిల్ ఒకటి దొరికితే హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. నేను రెండు మూడు కోశాను. ఆడని భాగంలో గూటి గోడలన్నీ కంచె కర్రల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. బంతి ఎక్కువగా తగిలే నడిమి భాగంలో మాత్రం అవే గోడలు సగం ఎత్తున మడతపడి, ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. విచిత్రమేమిటంటే అవి విరిగి ఉండవు. పాలీప్రొపిలీన్ స్వభావమే అంత. షాంపూ సీసా మూతను వెయ్యిసార్లు తెరిచి మూసినా దాని సన్నని మడత తెగదు, ఎందుకంటే అది సాధారణంగా ఈ ప్లాస్టిక్కే. కానీ ఆ మడత మళ్లీ నిటారుగా నిలబడి బరువు మోయలేదు. గూటి గోడ విషయంలోనూ అంతే. ఒకసారి మడత పడిందంటే అది గోడగా ఉండడం మానేసి కీలుగా మారుతుంది, తరువాతి ప్రతి దెబ్బకూ అక్కడే వంగుతుంది. కింద ఆధారం పోయిన కార్బన్ పొర డప్పు తోలులా లోపలికి వెళ్లి తిరిగి తన్నడం వల్ల బంతి అనుకున్నదానికంటే వేగంగా పోతుంది. అంటే ప్యాడిల్ చావబోయే ముందు బలహీనపడదు, బలం పుంజుకుంటుంది. అందుకే చాలామంది ఆ నెల రోజులూ తమ ఆట మెరుగుపడిందని సంబరపడతారు.

వేడి మీద, ఒత్తిడితో ముఖాన్నీ అంచునూ ఒకే పెంకుగా అతికించే థర్మోఫార్మ్ పద్ధతి 2022, 2023 సంవత్సరాల్లో విస్తరించాక ఈ ఫిర్యాదులు బాగా పెరిగాయి. ఆ పెంకు చుట్టూ బిగుసుకొని ఉంటుంది కాబట్టి దెబ్బ భారమంతా మధ్యలోని గోడల మీద పడుతుంది. తయారీలో వేడి, ఒత్తిడి మోతాదు మించితే గోడలు అచ్చులోనే కొంత నలుగుతాయి కూడా.

ఫోమ్ కోర్ ఈ ఒక్క జబ్బుకు సరైన మందే. దానిలో నిలబడే గోడలు లేవు కాబట్టి మడతపడడానికీ ఏమీ లేదు. లక్షల సూక్ష్మమైన గాలి గదులు దెబ్బను పంచుకొని, కాస్త అణిగి, మళ్లీ లేస్తాయి. అయితే ఒక జబ్బు పోయిందంటే ప్యాడిల్ చిరంజీవి అయిందని కాదు. ఏ ప్యాడిల్ కొన్నా ‘ఇందులో ముందుగా పోయేది ఏది?’ అని అడగాలి. తేనెపట్టులో ముందు పోయేది కోర్. ఫోమ్‌లో సాధారణంగా కోర్ చివరిదాకా నిలిచి, జిగురో, చుట్టూ ఉన్న వలయమో, ముఖం మీది గరుకో ముందు పోతుంది. ఆ సంగతి కింది ప్రశ్నల్లో వస్తుంది.

ప్రశ్న: ఒక దుకాణంలో ‘ఫోమ్ ప్యాడిల్’ అని ఒకటి చూపించారు. ఇంకోచోట అదే మాట చెప్పి అయిదు రెట్ల ధర అడిగారు. బయటికి రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా ఎక్కడుంది? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తేడా ఫోమ్ ఎక్కడుంది, ఏ ఫోమ్ అన్నదానిలో ఉంది. కోర్ మామూలు తేనెపట్టే అయినా అంచుల్లో మాత్రం ఫోమ్ నింపిన ప్యాడిల్‌ను కూడా అమ్మేవాళ్లు ఫోమ్ ప్యాడిల్ అనేస్తారు. అంచు ఫోమ్ వల్ల స్వీట్ స్పాట్ (బంతి తగిలితే దెబ్బ బాగా కుదిరే చోటు) కొంచెం విశాలమవుతుంది గానీ, మధ్యలో గూళ్లు నలిగే ప్రమాదం ఎప్పటిలాగే ఉంటుంది. కాబట్టి మీరు అడగవలసిన మాట ‘ఫోమ్ ఉందా?’ అని కాదు, ‘బంతి తగిలే నడిమి భాగంలో తేనెపట్టు ఉందా, లేదా?’ అని. దానికి సూటిగా జవాబు చెప్పలేని దుకాణంలో పెద్ద మొత్తం పెట్టవద్దని నా సలహా.

నడిమంతా ఫోమే ఉన్న ప్యాడిళ్లలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు ఈపీపీ, అంటే ఉబ్బించిన పాలీప్రొపిలీన్. తేనెపట్టు గూళ్లు చేసే ప్లాస్టిక్కూ ఇదీ ఒకటే. అక్కడ గోడలుగా నిలబెట్టిన పదార్థాన్ని ఇక్కడ గాలి నిండిన చిన్న పూసలుగా ఉబ్బించి, అచ్చులో ఆవిరి పట్టించి ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తారు. కార్ల బంపర్ల లోపల ఉండేది కూడా ఈ రకమే. థర్మాకోల్‌తో పోల్చి భయపడేవాళ్లు కొందరున్నారు, కానీ ఆ పోలిక సరికాదు. మోటారుసైకిల్ హెల్మెట్ లోపలి థర్మాకోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది, అందుకే ఒకసారి పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చమంటారు. ఈపీపీ ముక్కను అలాగే నొక్కి వదిలితే, నెమ్మదిగానైనా గుంట పూడుతుంది. ప్యాడిల్‌కు కావలసిన గుణం అదే.

ఈపీపీ దిమ్మె చుట్టూ ఇంకా మెత్తని ఈవీఏ ఫోమ్‌తో ఒక వలయం పెట్టే పద్ధతి 2025లో బాగా వ్యాపించింది. బూట్ల అడుగున, తేలికపాటి చెప్పుల్లో ఉండేది ఈ ఈవీఏ. నడిమి దిమ్మె అంచులకు బిగుసుకుపోకుండా ఈ వలయం మీద తేలుతున్నట్టుగా ఉండడం వల్ల దెబ్బలో శక్తి, చేతికి మెత్తదనం రెండూ వస్తాయి. ఇక మూడో రకం, విమానాల భాగాల్లో వాడే పీఎంఐ అనే గట్టి ఫోమ్. చాలా తేలికైనది, బిగువైనది, ఖరీదైనది. సీఆర్‌బీఎన్ సంస్థ ట్రూఫోమ్, సెల్కర్క్ సంస్థ బూమ్‌స్టిక్ వంటి ప్యాడిళ్లతో ఈ పూర్తి ఫోమ్ తరానికి గిరాకీ వచ్చింది. మీరు చూసిన రెండింటిలో చవకది వీటిలో దేన్ని అనుకరించిందో పెట్టె మీది రాతను బట్టి చెప్పడం కష్టం. రెండింటినీ చేతిలోకి తీసుకొని కణుపుతో తట్టి చూడండి. తేనెపట్టు ‘టక్’మని పొడిగా, పూర్తి ఫోమ్ ‘దబ్’మని తడిసిన మద్దెలలా పలుకుతాయి. ఆ తేడా ఒక్కసారి విన్న చెవి మళ్లీ మోసపోదు.

ప్రశ్న: మూడు నెలలుగా పూర్తి ఫోమ్ ప్యాడిల్‌తో ఆడుతున్నాను. మొదటి రెండు వారాల తరువాత దానికి శక్తి పెరిగింది. ఈ మధ్య పై అంచు దగ్గర బంతి తగిలితే ‘కర్’మని శబ్దం వస్తోంది. ఫోమ్ నలగదని చెప్పి అమ్మారు. మరి ఇదేమిటి? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. మొదటి వారాల్లో కొంచెం శక్తి పెరగడం ఫోమ్ ప్యాడిళ్లలో మామూలే. కొత్త చెప్పులు నాలుగు రోజులు నడిచాక కాలికి కుదిరినట్టు, దెబ్బలకు ఫోమ్, జిగురు, వలయం కాస్త సడలి ఒక స్థాయికి వచ్చి నిలుస్తాయి. అక్కడ నిలిస్తే భయం లేదు, నెలనెలా పెరుగుతూ పోతే మాత్రం ఆలోచించాలి.

రెండో సంగతి జిగురుది, ఫోమ్ కోర్ అసలు బలహీనత అక్కడే ఉంది. ఇంట్లో ప్లాస్టిక్ బకెట్టు పగిలినప్పుడు ఎంత మంచి జిగురు పూసి చూసినా రెండు రోజులకే ఊడివచ్చిన అనుభవం అందరిదీ. పాలీప్రొపిలీన్, దాని దగ్గరి చుట్టాలైన ప్లాస్టిక్‌లు జిగురును అంటనివ్వవు. నీటి చుక్క తామరాకు మీద జారినట్టు జిగురు వాటి మీద పరుచుకోకుండా జారుతుంది. అంటాలంటే ఉపరితలాన్ని ముందుగా మంటతోనో విద్యుత్తుతోనో సిద్ధం చేయాలి, లేకపోతే జిగురు ఇంకే బట్టలాంటి పొరను మధ్యలో వేయాలి. తేనెపట్టుకూ ఈ ఇబ్బంది ఉంది. అయితే ఫోమ్ ప్రతి దెబ్బకూ ఎక్కువ అణిగి లేస్తుంది, దాని మీది కార్బన్ పొర అంతగా సాగదు, ఆ రెండింటి మధ్య లాగుడంతా జిగురు మీదే పడుతుంది. తయారీలో అజాగ్రత్త ఉంటే ఫోమ్ చెక్కుచెదరకుండానే ముఖం ఊడుతుంది. మీరు విన్న ‘కర్’ శబ్దం ఊడిన పొర ఫోమ్ మీద రాసుకుంటున్న శబ్దం కావచ్చు, లేదా ఈవీఏ వలయం దిమ్మె నుంచి విడిపోయి అంచు వెంట కదులుతుండవచ్చు.

రాత్రిపూట గదిలో దీపం ఆర్పి, ప్యాడిల్ ముఖం మీద ఒక అడుగు స్టీలు స్కేలును నిలువుగా నిలబెట్టి, వెనుక నుంచి ఫోన్ టార్చి వేయండి. స్కేలు అంచు కింద ఎక్కడా వెలుతురు రాకపోతే ముఖం సమంగా ఉన్నట్టు. నడుమ వెలుగు కనిపిస్తే ముఖం దిగినట్టు, స్కేలు నడుమ ఆని రెండు చివరలా వెలుగు కనిపిస్తే ఉబ్బినట్టు. స్కేలును జరుపుతూ నాలుగు చోట్ల చూసి, అదే వెలుతురులో ఫొటోలు తీసుకొని అమ్మినవారికి పంపండి. మూడు నెలలే అయింది కాబట్టి హామీ గడువు ఉండి ఉండాలి. ‘శబ్దం మారింది’ అన్న మాటకంటే స్కేలు కింది వెలుతురు ఫొటోకు విలువ ఎక్కువ. ఈలోపు అంచు తెరిచి సొంతంగా జిగురు పోయవద్దు. హామీ పోతుంది, ప్యాడిల్ కూడా టోర్నమెంటులో చెల్లకుండా పోతుంది.

ప్రశ్న: మా ఊరి ఎండలకు ఫోమ్ కరిగిపోతుందేమోనని సందేహం. వేసవిలో ప్యాడిల్‌ను ఎలా కాపాడుకోవాలి? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కరిగిపోదు. పాలీప్రొపిలీన్ కరగడానికి దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ కావాలి, రెంటచింతల ఎండకు కూడా అంత సత్తువ లేదు. అయితే ప్యాడిల్ అంటే పాలీప్రొపిలీన్ ఒక్కటే కాదు. ఈవీఏ అంతకంటే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది, జిగుళ్లలో కొన్ని కూడా అంతే. బయట 43 డిగ్రీలున్న మధ్యాహ్నం, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం కష్టమేమీ కాదు.

ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. రెండేళ్ల క్రితం మే నెలలో ఒక పెళ్లికి వెళ్లి, ప్యాడిల్ సంచిని కారు డిక్కీలో వదిలేశాను. సాయంత్రం తీసి చూస్తే పైకి ఏ మార్పూ లేదు. మరునాడు పొద్దున మూడో గేములో ముఖం మీద ఒకచోట రూపాయి బిళ్లంత మేర వేలికి బుడిపెలా తగిలింది. వారంలో అది అరచేయంత అయింది. దాని తయారీదారు హామీ పత్రంలో ‘అధిక ఉష్ణోగ్రత’కు మినహాయింపు ఉందని అప్పుడే చదివాను. అప్పటినుంచి నా ప్యాడిల్ నాతోపాటే ఇంట్లోకి వస్తుంది. మీరూ అదే చేయండి. ఇంతకు మించిన జాగ్రత్త అవసరం లేదు. ఎండలో ఆడడం వల్ల చేటు లేదు, ఎందుకంటే గాలి తగులుతూ ఉన్న ప్యాడిల్ మూసిన కారంత వేడెక్కదు.

చలి దేశాల్లో ఉన్నవారి కోసం ఒక మాట: సున్నా డిగ్రీల దరిదాపుల్లో పాలీప్రొపిలీన్ పెళుసు బారుతుంది. అయితే ఆ చలిలో ప్యాడిల్ కంటే ముందు బంతి పగులుతుంది కాబట్టి, బంతే మీకు హెచ్చరిక.

ప్రశ్న: టోర్నమెంట్లలో ఫోమ్ ప్యాడిల్‌ను అనుమతిస్తారా? వాడుతున్న కొద్దీ శక్తి పెరిగితే తరువాత నిషేధిస్తారా? (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఫోమ్ అయినంత మాత్రాన నిషేధం లేదు. నియమాలు కోర్ దేనితో చేశారన్నది కాకుండా, ప్యాడిల్ ఏం చేస్తోందన్నది చూస్తాయి. పొడవు 17 అంగుళాలు మించకూడదు, పొడవు వెడల్పు కలిపి 24 అంగుళాలు మించకూడదు. మందానికీ బరువుకూ పరిమితి లేదు. ముఖం గరుకు సగటున 30 మైక్రోమీటర్ల లోపు ఉండాలి. శక్తి విషయంలో, అమెరికాలో ఈ ఆట నియమాలు చూసే యూఎస్‌ఏ పికిల్‌బాల్ సంస్థ 2024 నవంబరులో పీబీసీఓఆర్ అనే పరీక్ష తెచ్చింది. బంతిని యంత్రంతో ప్యాడిల్ మీదికి కొట్టి, వచ్చిన వేగానికీ తిరిగి వెళ్లిన వేగానికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టి, దానికి తొలుత 0.44 హద్దు పెట్టారు.

ఈ కఠినత్వానికి ముందు ఒక గొడవ జరిగింది. 2024 మేలో ప్యాడిళ్లు తయారుచేసే జూలా సంస్థ మూడో తరం ప్యాడిళ్లను యూఎస్‌ఏ పికిల్‌బాల్ తన ఆమోదిత జాబితా నుంచి తీసేసింది. పరీక్షకు వచ్చినవీ బజారులో అమ్మినవీ ఒకటి కావన్నది ఆరోపణ, వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్లింది. అమ్ముడుపోయిన ప్యాడిల్ కూడా రాత్రికి రాత్రి చెల్లని సరుకు కావచ్చని ఆటగాళ్లకు తెలిసింది అప్పుడే. మీ రెండో ప్రశ్నలోని భయమే పరీక్షించేవాళ్లకూ ఉంది కాబట్టి, ప్యాడిల్‌ను ముందే నలగ్గొట్టి, నెలల ఆటను కొన్ని గంటల్లోకి కుదించి, అప్పుడు శక్తి కొలిచే పద్ధతులు వచ్చాయి. ఈ పరీక్షలో మంచి ఫోమ్‌కు తేనెపట్టు కంటే అనుకూలత ఉంది, ఎందుకంటే అది మొదట్లో కొంత మారి తరువాత స్థిరపడుతుంది, తేనెపట్టు మొదట్లో స్థిరంగా ఉండి చివరలో ఒక్కసారిగా మారుతుంది. అమెరికాలో వృత్తి ఆటగాళ్ల టూరుకు యూపీఏ-ఏ అనే సంస్థ జాబితా వేరుగా ఉంది. మన దగ్గర ఆడేటప్పుడు నిర్వాహకులు ఏ జాబితాను పాటిస్తున్నారో ప్రవేశ రుసుము కట్టకముందే అడగండి.

ప్రశ్న: అమ్మకు అరవై దాటాయి. మోచేతి నొప్పి ఉంది. ఫోమ్ ప్యాడిల్ కొనిస్తే తగ్గుతుందా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ప్యాడిల్ నొప్పిని తగ్గించదు, పెంచకుండా మాత్రం ఉండగలదు. పూర్తి ఫోమ్ కోర్‌లో అదురు తక్కువగా చేతికి చేరుతుందని చాలామంది ఆటగాళ్లు అంటారు, నా అనుభవమూ అదే. కానీ అదే ఫోమ్‌తో చేసిన శక్తి ప్యాడిళ్లు తల బరువుగా ఉంటే మోచేతికి ఇంకా చేటు. అమ్మగారికి 225 గ్రాముల లోపు బరువు, 16 మిల్లీమీటర్ల మందం, చేతికి సరిపడే పిడి చూడండి. ముందుగా వైద్యునికి చూపించి, ఆ తరువాత దుకాణానికి వెళ్లండి.

ప్రశ్న: ఏడాది వాడిన పూర్తి ఫోమ్ ప్యాడిల్‌ను మిత్రుడు సగం ధరకు ఇస్తానంటున్నాడు. కోర్ నిక్షేపంలా ఉందట. తీసుకోవచ్చా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కోర్ నిక్షేపంలానే ఉండి ఉంటుంది, కానీ మీరు చూడవలసింది ముఖం. కార్బన్ ముఖం మీది గరుకును చాలామంది కార్బన్ దారాల గరుకనుకుంటారు. నిజానికి అది వాటి మీది రెసిన్, అంటే దారాలను పట్టి ఉంచే గట్టిపడిన జిగురు. తయారీలో పైన అతికించిన నేత గుడ్డను లాగేసినప్పుడు దాని అచ్చు రెసిన్ మీద చిన్న చిన్న మొనలుగా మిగులుతుంది. బంతి, కోర్టు దుమ్ము కలిసి ఆ మొనలను అరగదీస్తాయి. రోలు అరిగితే గంటు కొట్టించుకోవచ్చు గానీ ప్యాడిల్‌కు అలా చేస్తే చెల్లదు. వారానికి మూడు నాలుగు రోజులు ఆడేవాళ్ల దగ్గర ఏడాదికల్లా నడిమి భాగం నున్నబడడం నేను చాలాసార్లు చూశాను. ఫోమ్ కోర్ వచ్చాక ఇది ఇంకా కొట్టవచ్చినట్టు కనిపిస్తోంది, ఎందుకంటే ఇదివరకు గరుకు అరిగేలోపే కోర్ నలిగి ప్యాడిల్ మూలపడేది.

చూపుడువేలి గోరును పిడి పక్కన, బంతి తగలని చోట ముఖం మీద అడ్డంగా గీయండి, తరువాత నడిమి భాగంలో గీయండి. రెండు చోట్లా ఒకే ‘గిర్’ శబ్దం వస్తే బేరం మంచిదే. నడుమ గోరు నిశ్శబ్దంగా జారితే, ముందు ముఖాన్ని రబ్బరు దిమ్మెతో తుడిచి మళ్లీ గీయండి. బంతి ప్లాస్టిక్ పేరుకున్నా గరుకు లేనట్టే అనిపిస్తుంది. తుడిచినా జారితే, స్పిన్ మీద ఆధారపడని ఆట మీదైతేనే తీసుకోండి, అదీ సగం ధరకు కాదు, పావు ధరకు.